పాటకు అట్ట వేయడం: సినిమా, టీవీ సంగీతానికి సొంత ముఖచిత్రాల రూపకల్పన

క్యాసెట్ల కాలంలో ఊరి బజారులోని రికార్డింగ్ దుకాణానికి వెళ్లి, ఒక ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటల పట్టీ తెల్లకాగితం మీద రాసిచ్చి, రెండు రోజుల తరవాత తెచ్చుకోవడం తెలుగు ఇళ్లలో మామూలు సంగతి. దానితో వచ్చే ఇన్‌లే కార్డు మీద ఏ, బీ అని రెండు వైపులు, పాటల పేర్లు రాసుకోవడానికి సన్నటి గీతలు మాత్రమే ఉండేవి. కొందరు దాన్ని అలాగే వదిలేసేవారు. మరికొందరు ‘సితార’లోనో ‘జ్యోతిచిత్ర’లోనో వచ్చిన బొమ్మను కత్తిరించి, కార్డు కొలతకు మడిచి, అంచు మీద స్కెచ్ పెన్నుతో సినిమా పేరు రాసి, పెట్టెలో దూర్చి చూసుకుని మురిసిపోయేవారు. ఇష్టమైన సినిమా సంగీతానికి సొంతంగా ముఖచిత్రం తయారు చేసుకునే అభిరుచి మన దగ్గర కంప్యూటర్ల కన్నా పాతది.

ఇప్పుడు ఆ పని ఫోటోషాప్‌లోనో, డబ్బు కట్టనక్కరలేని గింప్, ఇంక్‌స్కేప్, క్రిటా వంటి సాఫ్ట్‌వేర్లలోనో సాగుతోంది. అవసరం మాత్రం పాతదే. ఫోన్లోనో హార్డ్ డిస్కులోనో పాటలు దాచుకునేవారికి తెలిసిన సంగతే: పాత తెలుగు సినిమా పాటకు అసలు రికార్డు అట్ట బదులు ఏదో ‘హిట్స్’ సంకలనం బొమ్మ తగిలించి ఉంటుంది, కొత్త సినిమాకు పాటల ఆల్బమ్, నేపథ్య సంగీతపు ఆల్బమ్ విడివిడిగా వచ్చినా రెంటి మీదా ఒకే పోస్టరు కనిపిస్తుంది, టీవీ సిరీస్ అయితే ప్రతి సీజన్ సంగీతమూ ఒకే పోలిక చదరంగా తెర మీద వరస కడుతుంది. ఈ లోటు తీర్చుకుందామని కూర్చున్నవారికి బొమ్మ గీయడం ఒక్కటే పని కాదని త్వరలోనే తెలుస్తుంది. కొలతలు, అక్షరాలు, ముద్రణ, కాపీరైటు, ఫైలు లోపల దాగే సమాచారం, ఇవన్నీ ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఆ చిక్కు విడదీయడానికి నాకు ఒకే ఒక్క కొస కనబడుతుంది: పోస్టరు వేరు, అట్ట వేరు.

పోస్టరు ఇంకా సినిమా చూడనివారి కోసం తయారవుతుంది. గోడ మీద, రోడ్డుకు అవతలి వైపు నుంచి, నడుస్తూ పోయేవారి కంటికి తగలాలి కాబట్టి నాయకుడి ముఖం పెద్దదిగా, భావం ఉధృతంగా ఉంటుంది. ఆల్బమ్ అట్టను చూసేవారు సాధారణంగా ఆ సినిమా చూసినవారే, ఆ పాటలు విన్నవారే. వారిని కొత్తగా ఒప్పించవలసింది ఏమీ లేదు. వారి చెవిలో ఉన్నదానికి కంటికి ఒక గుర్తు కావాలి. ఈ తేడా పట్టుబడితే ఏ బొమ్మ ఎంచుకోవాలి, ఏది తీసేయాలి, అక్షరం ఎంత లావుండాలి అన్న ప్రశ్నలకు జవాబులు వాటంతటవే దొరుకుతాయి.

అట్టకు ఈ పాత్ర ఒక్కరోజులో రాలేదు. 1930ల చివరి దాకా గ్రామఫోను రికార్డులు ఎక్కువగా బొమ్మలు లేని మందపాటి కాగితపు సంచుల్లో, పుస్తకంలా కుట్టిన అట్టల్లో అమ్ముడుపోయేవి. అప్పట్లో కొలంబియా రికార్డ్స్‌లో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువ కళాకారుడు ఆ అట్టల మీద సంగీతానికి తగిన బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1948లో అదే సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డును విడుదల చేయడంతో 12 అంగుళాల చదరం సంగీతానికి స్థిరమైన కాన్వాసు అయింది. సినిమా సంగీతానికి ఆ చదరాన్ని ఎలా వాడాలో అందరికన్నా బాగా చూపినవాడు అమెరికన్ డిజైనరు సాల్ బాస్ అని నా అభిప్రాయం. 1955లో వచ్చిన ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’కు ఆయన వంకర తిరిగిన ఒక చేతిని గీశాడు, 1959 నాటి ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’కు ముక్కలుగా విడిపోయిన ఒక మనిషి ఆకారాన్ని ఇచ్చాడు. డ్యూక్ ఎలింగ్టన్ స్వరపరచిన ఆ రెండో చిత్రపు రికార్డు మీద కూడా ఆ ఆకారమే ఉంది. పోస్టరు మీద, టైటిళ్లలో, రికార్డు మీద అదే బొమ్మ ఎక్కడా బెసకకుండా నిలబడడానికి కారణం అది ఏ సన్నివేశాన్నీ చూపించకపోవడమే. సన్నివేశాన్ని కత్తిరిస్తే కొంత పోతుంది. గుర్తును ఎంత చిన్నది చేసినా గుర్తుగానే మిగులుతుంది.

ఇటీవలి కాలంలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో పుట్టిన మోండో వంటి సంస్థలు పాత సినిమా సంగీతాన్ని ఎల్పీలుగా తిరిగి తెస్తూ, స్టూడియో పోస్టరును పక్కన పెట్టి, చిత్రకారులతో కొత్తగా అట్టలు గీయించడం ఈ అభిరుచికి గొప్ప ఊపునిచ్చింది. మన దగ్గర ఇలాంటి పునర్ముద్రణలు అరుదు. కానీ మనకు వేరే సంపద ఉంది. బాపు, ఆయన దర్శకత్వంలో 1967లో వచ్చిన ‘సాక్షి’తో పబ్లిసిటీ డిజైనరుగా మొదలైన ఈశ్వర్ వంటివారు చేత్తో రాసిన టైటిళ్లు చూస్తే, తెలుగు అక్షరమే ఒక బొమ్మ కాగలదని అర్థమవుతుంది. కుంచె ఎక్కడ నొక్కుకుందో, ఎక్కడ తేలిపోయిందో ఆ అక్షరాల్లో తెలుస్తుంది. సొంత అట్ట తయారు చేసే ప్రతి తెలుగువారూ ముందుగా ఆ టైటిళ్లను కాసేపు శ్రద్ధగా చూడాలని నా కోరిక.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. పోస్టరు నిలువుగా ఉంటుంది, సినిమా ఫ్రేము అడ్డంగా ఉంటుంది, అట్ట చదరంగా ఉంటుంది. మూడింటికీ పొత్తు కుదరదు. చాలామంది చేసే మొదటి పని సినిమాలోంచి ఒక ఫ్రేము తీసుకుని చదరంగా కత్తిరించడం. బ్లూరే ఫ్రేము 1920×1080 పిక్సెళ్లు. కానీ సినిమాస్కోప్ చిత్రాల్లో పైనా కిందా నల్లపట్టీలు పోగా నిజంగా బొమ్మ ఉండేది సుమారు 800 పిక్సెళ్ల ఎత్తులోనే. అందులోంచి తీసిన చదరం 800×800 మాత్రమే. సంగీత పంపిణీ సంస్థలు నేడు అడిగే కొలత 3000×3000. అంటే ఆ ఫ్రేమును దాదాపు నాలుగింతలు సాగదీయాలి. పాత సినిమాలు డీవీడీలోనే దొరికితే పరిస్థితి ఇంకా కష్టం. పాల్ అనే టీవీ ప్రమాణంలో వచ్చిన డీవీడీలో మొత్తం ఎత్తే 576 పిక్సెళ్లు. సాగిన ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. అందుకే ఫ్రేమును నేరుగా అట్టగా వాడకుండా, దాన్ని ఆధారంగా పెట్టుకుని కొత్త బొమ్మ గీయడమే మేలు. ఆకారాన్ని ఇంక్‌స్కేప్ వంటి వెక్టర్ (పిక్సెళ్లతో కాక గీతల లెక్కలతో బొమ్మ కట్టే) సాఫ్ట్‌వేర్లో గీస్తే ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

3000 పిక్సెళ్ల కొలత పెట్టుకోవడం మంచి అలవాటు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే అది 10 అంగుళాల చదరం అవుతుంది. 12 అంగుళాల ఎల్పీ అట్టకు కూడా అంగుళానికి 250 చుక్కలు వస్తాయి, కంటికి తేడా పెద్దగా తెలియదు. 120 మిల్లీమీటర్ల సీడీ అట్టకు 1417 పిక్సెళ్లు చాలు. అయితే అసలు పరీక్ష పెద్ద కొలతలో లేదు. ఫోన్లో పాటల జాబితా తెరిచినప్పుడు అదే అట్ట గోరంత చదరంగా కనబడుతుంది. గీస్తున్న బొమ్మను మధ్యమధ్య 100 పిక్సెళ్లకు కుదించి చూడాలి. అక్కడ ఏ గుర్తు ఆనితే అదే అట్ట. ఆననిది ఎంత అందంగా ఉన్నా నేపథ్యమే.

తెలుగు అట్టకు అన్నిటికన్నా కష్టం అక్షరం దగ్గర వస్తుంది. రోమన్ లిపిలో పెద్దక్షరాలతో పేరు రాస్తే పైనా కిందా రెండు సమాన రేఖల మధ్య పట్టీలా ఇముడుతుంది. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం పైకి లేస్తాయి. వత్తులు కిందికి దిగుతాయి. ఒకే ఎత్తు చోటులో తెలుగు పేరు రాయాలంటే మూల అక్షరాన్ని చాలా చిన్నది చేయక తప్పదు. పేరును బట్టి కూడా సమస్య మారుతుంది. ‘శంకరాభరణం’ అన్న పేరులో ఒక్క వత్తూ లేదు; సున్నాలు రెండు చివరలా నిలబడి, పేరంతా ఒక హారంలా ఒకే వరసలో సాగుతుంది. ‘స్వాతిముత్యం’లో మొదటి అక్షరం కింద వకారపు వత్తు, చివరి అక్షరం కింద యకారపు వత్తు వేలాడుతాయి. ‘రుద్రవీణ’లో క్రావడి అక్షరాన్ని కింద నుంచి చుట్టుకుంటుంది. ‘సిరివెన్నెల’లో నడుమ ఒక్క నకారం జారుతుంది. ఈ దిగుడులు లోపాలు కావు. నేర్పరి చేతిలో అవే అలంకారాలవుతాయి. ‘రుద్రవీణ’ క్రావడి కొసను పొడిగించి వీణ తంత్రిగా లాగవచ్చు. కానీ గోరంత చదరంలో ఆ వత్తులు మసక చుక్కలైపోతాయి కనుక, వత్తులున్న పేరును రెండు వరసలుగా విడగొట్టి, వరసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి.

ఫాంట్ల విషయంలో ఒకప్పుడు మనకున్న పేదరికం ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి; వాటిని బొమ్మల్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రామభద్ర లావైన శీర్షిక అక్షరం, చిన్న కొలతలో నిలబడుతుంది. మండలి వార్తాపత్రికల పాఠానికి ఉద్దేశించినది, వెనుక అట్ట మీద పాటల పట్టీకి నప్పుతుంది. ఇంకో సాంకేతికమైన చిక్కు గురించి హెచ్చరించక తప్పదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సుల్లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోకపోతే వత్తులు అక్షరం కిందికి చేరకుండా పొల్లు గుర్తుతో పక్కన పడి ఉంటాయి. గింప్, ఇంక్‌స్కేప్‌లలో ఈ ఇబ్బంది ఉండదు. డీటీపీ కేంద్రాల్లో ఇంకా వాడుకలో ఉన్న పాత అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కావు. అందులో టైపు చేసిన పేరును ఇంకో చోట అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. కృత్రిమ మేధతో బొమ్మలు చేయించేవారు పేరును మాత్రం దానికి వదలకూడదు. అది చాలాసార్లు తెలుగు అక్షరాల్లా కనిపించే గీతలు గీస్తుంది, అక్షరాలు కాదు.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. ‘శంకరాభరణం’ 1980లో విడుదలైంది, కె. విశ్వనాథ్ దర్శకుడు, కె.వి. మహదేవన్ సంగీత దర్శకుడు. ఆ సంగీతానికి మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. దీనికి అట్ట గీయమంటే ఎవరికైనా ముందు తోచేది జె.వి. సోమయాజులు ముఖం. ఆ ముఖం గొప్పదే. అయితే ఆ ముఖం సినిమాకు గుర్తు. సంగీతానికి గుర్తు కావాలంటే పేరులోకే వెళ్లాలి. శంకరుడి ఆభరణం పాము. శంకరాభరణం రాగం కూడా. మేళకర్తల్లో 29వదైన ధీరశంకరాభరణం. పాము వంపు, రాగపు వంపు ఒకే గీతలో పడితే అట్ట తయారైనట్టే. విభూతి రంగు నేల మీద, రుద్రాక్ష గోధుమరంగుతో, ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు గమకంలా ఊగుతూ లేచే ఒక్క గీత చాలు. గీతకు పైనో కిందో పేరు ఎక్కడైనా పెట్టవచ్చు, కానీ గీత మీద పెట్టకూడదు. ఇంతకన్నా ఏమి చేర్చినా గోరంత చదరంలో నిలవదు. సినిమా చూడనివారికి ఇది ఏ సినిమాదో తెలియకపోవచ్చు. తెలియకపోయినా ఫరవాలేదు, విన్నవారికి తెలుస్తుంది.

ఒక్క ఆల్బమ్‌కు అట్ట గీయడం వేరు, వరుసకు గీయడం వేరు. ‘బాహుబలి’కి ఎం.ఎం. కీరవాణి చేసిన నేపథ్య సంగీతం అనేక సంపుటాలుగా వచ్చింది. టీవీలో ‘స్ట్రేంజర్ థింగ్స్’ మొదటి సీజన్ సంగీతాన్ని కైల్ డిక్సన్, మైకేల్ స్టైన్ 2016లో రెండు సంపుటాలుగా తెచ్చారు. ఇలాంటి వరుసలకు ముందు మారని భాగం, మారే భాగం విడదీసుకోవాలి. పేరు ఉండే చోటు, అక్షరం, అంచు మారకూడదు. రంగు, నడుమ ఉండే గుర్తు మారాలి. సంపుటం అంకెను మూలన చిన్నదిగా వేస్తే ఎవరికీ కనబడదు, రంగు మాత్రం దూరం నుంచే కనబడుతుంది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ టైటిల్లో వాడినది 1970ల నాటి ఐటీసీ బెంగ్వియాట్ అనే ఫాంటు. ఆ ఎర్రటి అక్షరాలు తప్ప ఇంకేమీ లేకపోయినా ఆ సిరీస్‌ను గుర్తుపడతాం. టీవీ సంగీతానికి ఇది సహజం. వారం వారం, సీజన్ సీజన్ మొదట్లో అదే అక్షరం, అదే రాగం కలిసి వస్తాయి కాబట్టి అక్షరమే సంగీతానికి ముఖమవుతుంది.

కాపీరైటు విషయంలో అభిమానుల్లో రెండు తప్పుడు నమ్మకాలు ఉన్నాయి: లాభం తీసుకోకపోతే ఏదైనా చేయవచ్చని ఒకటి, ఏం చేసినా నేరమేనని మరొకటి. మన దేశపు 1957 కాపీరైటు చట్టం 52(1)(ఎ) సెక్షన్ వ్యక్తిగత, ప్రైవేటు వినియోగం కోసం చేసే న్యాయసమ్మతమైన ఉపయోగాన్ని ఉల్లంఘనగా చూడదు. సొంత ఫోన్లో సొంత పాటల కోసం అట్ట గీసుకోవడం ఈ గీత లోపల ఉండే పని. దాన్ని పదిమందికీ పంచితే గీత దగ్గరికి వస్తాం. చొక్కాల మీద, పోస్టర్ల మీద అచ్చువేసి అమ్మితే గీత దాటినట్టే. పైగా ఒక్క సినిమాలో హక్కులు ఒక్క ముడి కావు. సినిమాకు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ‘శంకరాభరణం’ విషయంలో అది 2040 చివరి దాకా. సాహిత్యానికి, బొమ్మకు కర్త మరణం తరవాత 60 ఏళ్లు. ఆ సినిమాకు పాటలు రాసిన వేటూరి 2010లో కన్నుమూశారు కనుక ఆయన పాటలకు 2070 దాకా. 2012 సవరణ తరవాత స్టిల్ ఫోటోలకూ ఇదే లెక్క. 1957 నాటి ‘మాయాబజార్’ సినిమా గడువు 2017తో ముగిసినా, 1971లో మరణించిన పింగళి నాగేంద్రరావు రచనకు 2031 దాకా రక్షణ ఉంది. బాపు చేత్తో రాసిన టైటిల్ కూడా కళాకృతే. ఆయన 2014లో మరణించారు. అమెరికాలో ఉండే తెలుగువారికి అక్కడి చట్టం 107వ సెక్షన్‌లోని నాలుగు ప్రమాణాల ‘ఫెయిర్ యూజ్’ వర్తిస్తుంది, అది ముందే తేల్చి చెప్పగలిగేది కాదు. ఈ కారణం వల్ల కూడా స్టిల్‌ను అతికించడం కన్నా కొత్త గుర్తు గీయడం మంచిది. సంగీత సంస్థల లోగోలు, కేటలాగు నంబర్లు సొంత అట్ట మీద వేయనే కూడదు. అది అభిమానాన్ని నకిలీగా మార్చేస్తుంది. అదే విధంగా, నిజంగా విడుదలైన ఆల్బమ్‌ల అట్టలను భద్రపరిచే కవర్ ఆర్ట్ ఆర్కైవ్ వంటి చోట మన ఊహాచిత్రాలు చేర్చడం భవిష్యత్తు పరిశోధకులకు చేసే అన్యాయం.

అచ్చు వేయించుకునేవారికి రెండు మాటలు. తెర మీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు నాలుగు రంగుల సిరాలో చల్లబడతాయి కాబట్టి ఫైలును సీఎంవైకే అనే ఆ నాలుగు రంగుల పద్ధతిలోకి మార్చి చూసుకునే ప్రెస్సుకు పంపాలి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదిలితే సీడీ అట్ట 126 మిల్లీమీటర్లు అవుతుంది. డిజిటల్ ప్రెస్సుల్లో దొరికే 12×18 అంగుళాల షీటు మీద అలాంటివి ఆరు పడతాయి. సీడీ పెట్టె వెనుక కార్డు 151×118 మిల్లీమీటర్లు, అందులో రెండు వైపులా మడిచే అంచులు చెరి 6.5 మిల్లీమీటర్లు. ఆ సన్నటి అంచు మీద వత్తులున్న తెలుగు పేరు రాస్తే మూల అక్షరం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. అక్కడ రామభద్ర వంటి లావైన అక్షరం పూడుకుపోతుంది, మండలి నయం.

డిజిటల్ ఫైలులో అట్ట ఒక బొమ్మగా విడిగా ఉండదు. ఎంపీ3 ఫైలు మొదట్లో ఐడీ3 అనే సమాచార భాగం ఉంటుంది; ముందు అట్ట, వెనుక అట్ట అన్న గుర్తులతో బొమ్మలు అందులోనే చేరతాయి. ఎంపీ3ట్యాగ్, పికార్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. 3000 పిక్సెళ్ల బొమ్మను ప్రతి పాటలోనూ దాచితే ఫైళ్లు అనవసరంగా బరువెక్కుతాయి కనుక, పాటల్లో 1000 పిక్సెళ్ల జేపెగ్ పెట్టి, పెద్దదాన్ని అదే ఫోల్డర్లో విడిగా ఉంచుకోవాలి. ఆ ఐడీ3 లోనే చాలామంది తెరవని గడులు రెండున్నాయి: ఒకటి స్వరకర్తకు, ఇంకొకటి గీత రచయితకు. గోరంత చదరంలో పేర్లు ఆనవు కాబట్టే నేటి అట్టల మీద నుంచి పాట రాసినవారి పేరు కనుమరుగైంది. అట్ట మోయలేని ఆ పేరును ఈ గడి మోయగలదు. ‘శంకరాభరణం’కు అట్ట అమర్చినప్పుడు ‘దొరకునా ఇటువంటి సేవ’కు వేటూరి సుందరరామమూర్తి పేరు, ‘మానస సంచరరే’కు సదాశివ బ్రహ్మేంద్రుల పేరు, ‘బ్రోచేవారెవరురా’కు మైసూరు వాసుదేవాచార్యుల పేరు, ‘పలుకే బంగారమాయెనా’కు, ‘ఏ తీరుగ నను దయచూచెదవో’కు భద్రాచల రామదాసు పేరు ఆ గడిలో విడివిడిగా, తెలుగులోనే రాయాలి.